బరోలోను రుచి చూసే తీరు

ఇటలీ వాయవ్యాన పీడ్‌మాంట్ ప్రాంతంలో, ఆల్బా పట్నం దగ్గర లాంగే కొండలున్నాయి. అక్కడి 11 ఊళ్ల పరిధిలో, నెబ్బియోలో అనే ఒకే రకం ద్రాక్షతో చేసే ఎర్ర వైన్ బరోలో. చట్టప్రకారం అది కనీసం 38 నెలలు మాగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. ఇంకా ఎక్కువకాలం మాగిన 'రిసెర్వా' రకం అనిపించుకోవాలంటే 62 నెలలు.

రుచి చూసేవారు ముందుగా గ్లాసును తెల్లగుడ్డ మీదికి వంచి అంచు గమనిస్తారు. బరోలో రంగు చిక్కగా ఉండదు. వయసు మీదపడేకొద్దీ అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది. ఆ పలచదనం చూసి తీసిపారేయకూడదు.

తర్వాత వాసన. గ్లాసులో మూడో వంతే పోసి, మెల్లగా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకోవాలి. ఎండిన గులాబీ రేకులు, వాటి వెనకే తారు! పొంతన లేని ఆ రెండూ ఒక్కచోట కలవడమే, నా దృష్టిలో, బరోలో అసలు సొగసు. ఆ వాసన విచ్చుకోవాలంటే గాలి కావాలి. లేత సీసానైతే వెడల్పాటి పాత్రలోకి వంపి గంటో రెండు గంటలో ఉంచుతారు.

ఇక నోట్లో గట్టి పులుపు, పచ్చి నేరేడు కొరికినట్టు చిగుళ్లను పట్టేసే వగరు. ఆ వగరు టానిన్లనే పదార్థాలది, లోపం కాదు. అది సన్నగా పరుచుకుంటోందా, గరుగ్గా గీరుతోందా అన్నదే చూడాలి. ఆ 11 ఊళ్లలో లా మోర్రా వైన్లు సాధారణంగా మెత్తన, సెర్రలుంగావి బిరుసు. ఈ బిరుసువే దశాబ్దాలు నిలుస్తాయి. వరసగా చాలా రకాలు పరీక్షించేవారు మింగరు, ఉమ్మేస్తారు. ఉమ్మేశాక కూడా రుచి ఎంతసేపు నిలిచిందో చూసే వాళ్లు మార్కులు వేస్తారు.