టవరు కాలి కింద ఏముంది?



చాపాడు నుంచి ప్రొద్దుటూరు పోతూ వస్తూ కరెంటు టవర్లు చూసే ఉంటారు. ఎర్రగుంట్ల మండలంలో కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. 1994లో అక్కడ కరెంటు తయారీ మొదలయింది. ఆ కరెంటు దూరం పోవాలంటే పెద్ద తీగలు కావాలి. తీగలు మోయడానికి టవర్లు కావాలి.

టవరు బరువుకు నేల కుంగకుండా కింద కాంక్రీటు వేస్తారని చాలామంది అనుకుంటారు. అది సగం మాటే. కుంగడం కంటే పైకి లేవడమే పెద్ద భయం. అదెట్లా? గాలి ఒక పక్కనుంచి తోస్తుంది. అప్పుడు అవతలి రెండు కాళ్లు నేలను నొక్కుతాయి. ఇవతలి రెండు కాళ్లు పైకి లేవాలని చూస్తాయి.

శెనక్కాయ చెట్టు పీకిన చేతులకు ఈ సంగతి తెలుసు. తడి నేలలో చెట్టు సులువుగా వస్తుంది. గట్టి నేలలో పీకితే కట్టె తెగి చేతికొస్తుంది. కాయలు లోపలే ఉంటాయి. మన్ను అంత గట్టిగా పట్టుకుంటుంది. టవరు కాలినీ మన్నే పట్టుకోవాలి.

అందుకే ఒక్కో కాలికి ఒక గుంత తవ్వుతారు. చాలాచోట్ల 10 అడుగుల లోతు దాకా పోతారు. అడుగున వెడల్పు దిమ్మె, దాని మీద సన్నటి కాంక్రీటు స్తంభం. కాలు లేవాలంటే దిమ్మె మీది మన్నంతా లేవాలి. కాలి కింది ఇనుప యాంగిల్‌ను కాంక్రీటులో పాతుతారు. అది జారకుండా చివర చిన్న యాంగిల్ ముక్కలు బోల్టులతో బిగిస్తారు. గాలానికి ముల్లు ఉన్నట్టు అవి కాంక్రీటును కరుచుకుంటాయి. నల్లరేగడితో పేచీ ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అక్కడ దిమ్మె ఇంకా పెద్దది వేస్తారు.

కాంక్రీటుకు నీళ్లు పోసేది ఎక్కువగా ఆడకూలీలే. అది చిన్న పని అంటారు. కాదు! కాంక్రీటు ఎండి గట్టిపడదు. సిమెంటు నీళ్లతో కలిసే గట్టిపడుతుంది. ఎండాకాలంలో కనీసం 10 రోజులు తడి గోనెపట్టలు కప్పి ఉంచాలి. నీళ్లు మానితే పగుళ్లు, పగుళ్లలో తేమ, ఇనుముకు తుప్పు. గుంత పూడ్చేటప్పుడు కూడా మన్ను పొరలు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి.

ఇప్పుడు చెప్పండి. అరుగుకు మన్ను కావాలని టవరు కాలి దగ్గర తవ్వితే ఏమవుతుంది? పాత ఇనుము వాడికి అమ్మాలని ఒక యాంగిల్ ముక్క విప్పితే? టవరు ఆ రోజే పడదు. గాలివాన రోజున పడుతుంది. ఎనుమును కూడా టవరుకు కట్టేయకండి. పైన పింగాణీ గిన్నెలు పగిలితే కరెంటు ఇనుములోకి దిగుతుంది. కాలి చుట్టూ మన్ను కోసుకుపోయినా, ముక్క ఊడినా దూరంగా ఉండి సబ్‌స్టేషన్‌లో చెప్పండి. 1912 నంబరుకు ఫోన్ చేసినా సరే.