పాఠం వేళ్లకు చెప్పాలి



2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ పడగానే మన డెంటల్ కాలేజీల ఓపీలు ఖాళీ అయ్యాయి. ఎయిరోటార్ తిరిగినా, అల్ట్రాసోనిక్ స్కేలర్ పెట్టినా లాలాజలం తుంపరలై గాలిలో తేలుతుందన్న భయం న్యాయమైనదే. అత్యవసర కేసులే చూడాలన్నారు. మూడేళ్ల ఎండీఎస్‌లో ఉన్న పిల్లలకు రోగులు కరువయ్యారు. సెమినార్లు, జర్నల్ క్లబ్బులు జూమ్‌కు మారాయి. అందులో మేలూ జరిగింది. ఓరల్ పాథాలజీలో స్కాన్ చేసిన స్లైడును ఎవరింట్లో వాళ్లు కూర్చుని చర్చించారు. చిన్న ఊరి కాలేజీ విద్యార్థి పెద్ద ఊరి ప్రొఫెసర్‌ను ప్రశ్న అడగగలిగాడు. ఇది వదులుకోకూడదు.

నా పేచీ చేతిపని దగ్గర. పై దవడ మొదటి మోలార్‌లో ఎంబీ2 కెనాల్ గురించి మీలో చాలామందితో ఏళ్లుగా వాదిస్తున్నాను, ఈరోజూ వదలను. అది డెంటిన్ గట్టు కింద దాగి ఉంటుంది. గట్టును కొద్దికొద్దిగా గీరి, పదో నంబరు కె-ఫైలు దించాలి. దాని కొన 0.10 మిల్లీమీటర్లు. కొన ఎక్కడో పట్టుకున్నట్టు వేళ్లకు తెలుస్తుంది. అక్కడ బలం పెడితే లెడ్జ్ పడుతుంది, లేదా ఫైలు విరుగుతుంది. మైక్రోస్కోప్ కెమెరా కెనాల్ నోరు చూపగలదు. ఆ పట్టు ఎంతో చెప్పలేదు.

వీడియో చూస్తే కేసు చేసినట్టే లెక్కగట్టి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టవచ్చని వాదించిన మిత్రులు ఈ సభలోనూ ఉన్నారు. వారికి నా జవాబు మారలేదు: ఆ సంతకం ఖరీదు రేపు రోగి కట్టాలి.

2021 మే నెల గుర్తుచేసుకోండి. బ్లాక్ ఫంగస్‌తో పై దవడ తీసేసిన రోగులు వచ్చారు. తిన్నది ముక్కులోకి రాకుండా, మాట స్పష్టంగా పలికేలా అబ్ట్యురేటర్ అమర్చాలి. నోరు సరిగా తెరుచుకోని మనిషికి ఇంప్రెషన్ ఎలా తీయాలో స్లైడు చూసి నేర్చుకున్నవాడికి చెయ్యి ఆడదు.

రోగులు రాని నెలల్లో ఆదుకోవలసింది ఫాంటమ్ హెడ్ ల్యాబ్. పీజీ మొదటి ఏడాది దాటాక దాని ముఖం చూసేవారు తక్కువ. పీకిన పళ్లను శుద్ధిచేసి, వరస పెట్టి భద్రపరిచే టూత్ బ్యాంకు మన కాలేజీల్లో ఎన్నిచోట్ల సక్రమంగా నడుస్తోంది? కొత్త సాఫ్ట్‌వేర్‌కు డబ్బు దొరుకుతుంది, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు మాత్రం ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటుంది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. సిద్ధాంతం ఆన్‌లైన్‌లో చెబుదాం. డెమో రికార్డు చేసి ముందే పంపుదాం. తర్వాత ఇద్దరిద్దరిని ల్యాబుకు పిలిచి, పక్కన నిలబడి చేయిద్దాం. అధ్యాపకుడి కళ్లముందు చేసిన కేసుకే సంతకం పెడదాం. ఈ మహాసభ ముగిసేలోగా దీన్ని తీర్మానంగా ఆమోదించి యూనివర్సిటీలకు పంపాలని అధ్యక్షస్థానం నుంచి కోరుతున్నాను.