పగటి దోమపై కన్నేసి ఉంచుదాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఆగస్టు 9న మన భాష, మన ఆట, మన భూమి గురించి మాట్లాడుకుంటాం. అవి నిలవాలంటే ముందు మనుషులం నిలవాలి. ఈ పండుగ వానాకాలం నడుమ వస్తుంది. గూడేలలో జ్వరాల కాలమూ ఇదే. అందుకే డెంగీ గురించి నాలుగు మాటలు చెబుతాను.

జ్వరం అనగానే మన ఏజెన్సీలో మలేరియాయే గుర్తొస్తుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ రాత్రిపూట కుడుతుంది. దానికి దోమతెర ఉంది, తప్పక వాడాలి. కానీ డెంగీ వైరస్‌ను మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. రాత్రి దోమతెర ఒక్కటే దీన్ని ఆపలేదు.

ఈ దోమ మురికి కాలువలో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలో పెరుగుతుంది. కుళాయి రోజూ రాని ఊళ్లో డ్రముల్లో నీళ్లు పట్టుకోక తప్పదు. రోజూ నీళ్లివ్వమని అడగడం మన హక్కు. అవి వచ్చేదాకా డ్రముకు మూత పెట్టడం మన పని.

గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి, శుక్రవారం 'డ్రై డే' పాటించమంటారు. నీళ్లు పారబోస్తే చాలదు. గుడ్లు గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. పీచుతో గట్టిగా రుద్ది కడగాలి.

యువత చేయగల పని ఇంకొకటి ఉంది. టార్చిలైటు, నోటుపుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్లండి. డ్రములు, రోళ్లు, పాత టైర్లు, కొబ్బరిచిప్పలు చూడండి. 50 ఇళ్లలో 10 ఇళ్లలో లార్వా కనబడితే అది 20 శాతం. దీన్నే హౌస్ ఇండెక్స్ అంటారు. వారం వారం రాసుకుంటే తగ్గుతోందో పెరుగుతోందో మీకే తెలుస్తుంది. ఆ లెక్క ఆశా అక్కకు, ఏఎన్‌ఎమ్‌కు చూపించండి.

ఇక జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించాలి. మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎమ్ పరీక్ష పనికొస్తాయి. డెంగీకి ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, నీళ్లు, గంజి, జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ అవసరం. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేయొద్దు, రక్తస్రావం పెరగవచ్చు.

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. జ్వరం దిగగానే గండం గడిచినట్టు కాదు. ప్రమాదం చాలాసార్లు అప్పుడే మొదలవుతుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనబడితే రాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దిసారి దగ్గరకు వెళ్లే పెద్దలతో గొడవ పడకండి. రక్తపరీక్ష కూడా చేయిద్దామని పక్కనే ఉండి ఒప్పించండి. రోగిని పగలు కూడా దోమతెరలోనే ఉంచండి. అతన్ని కుట్టిన దోమ వైరస్‌ను పక్కింటికి మోస్తుంది.

థింసాలో ఒక్కరి అడుగు తప్పితే వరుసంతా తడబడుతుంది. ఊళ్లో ఒక్క డ్రము మరిచినా అంతే. వచ్చే శుక్రవారం మీ గూడెంలో మొదటి ఇల్లు మీదే కావాలి.

జోహార్.