అందరిదీ అనే ఆస్తి నిలుస్తుందా?

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



కమ్యూనిస్టు సమాజం ఆచరణలో సాధ్యమా అనే విషయం మీద మాట్లాడమని నన్ను కోరారు. మరొకచోట అయితే ఇది పుస్తకాల చర్చ. మన దగ్గర అట్లా కాదు. మన పల్లెల్లో సంఘం అనే మాటకు రెండర్థాలున్నాయి. ఆదివారంనాడు మనం కూడుకొనేది సంఘం. 1940లలో రాత్రిపూట పెద్దలు రహస్యంగా కూడుకొన్నదీ సంఘమే. ఆంధ్రమహాసభను జనం ఆ పేరుతోనే పిలుచుకొన్నారు. రెండింటిలోనూ మనుషులున్న ఇళ్ళు మనలో లేకపోలేదు.

ఆనాటి సంగతి పిల్లలకు తెలియదు గనుక కొంచెం వివరంగా చెబుతాను. నిజాం పాలనలో మన నల్గొండ జిల్లా భూమి దేశ్‌ముఖ్‌ల చేతిలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్యగారు పోరాట చరిత్రలో వ్రాశారు. దున్నేవానికి సెంటు భూమి లేదు. పైగా వెట్టి. మాల మాదిగలు దొర కబురు మోయాలి, చెప్పులు కుట్టి ఉచితంగా ఇవ్వాలి. చాకలి, మంగలి, కుమ్మరి, ఎవరి చాకిరీ వారిదే, కూలి లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలికావడంతో ఆ ఓర్పు తెగిపోయింది. సూర్యాపేట తాలూకాలో కరివిరాల భీమిరెడ్డి నరసింహారెడ్డిగారివంటి వారు దళాలు నడిపారు. మిర్యాలగూడ నుండి ఆయన తర్వాత పార్లమెంటుకు కూడా వెళ్ళారు.

సుమారు 3,000 గ్రామాలలో గ్రామరాజ్యాలు ఏర్పడినవనీ, 10 లక్షల ఎకరాలు పంచబడినవనీ ఆ చరిత్ర చెబుతున్నది. గ్రామ కమిటీలు వెట్టిని ఆపివేశాయి, తగవులు తీర్చాయి. ఒక్కొక్కరు ఉంచుకొనే భూమికి మొదట 500 ఎకరాల పరిమితి పెట్టి, తర్వాత 200కు, చివరకు 100 ఎకరాల ఖుష్కి, 10 ఎకరాల తరికి దించారు. ఈ అంకెలు చూడండి. నూరెకరాలు మిగుల్చుకోనిచ్చిన ఏర్పాటును ఆస్తిలేని సమాజమని ఎవరూ అనలేరు. పేదవాడు అడిగింది కూడా ఉమ్మడి పొలం కాదు, తన పేర ఒక చెలక. అతనికి దక్కింది, కొద్దికాలమైనా సరే, ఆ చెలకే. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. దాని వెంట పారిపోయిన దొరలూ వచ్చి చాలా భూమి తిరిగి లాక్కున్నారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. అప్పటికి నాలుగువేల మంది చనిపోయారు.

కాబట్టి మన జిల్లాలో కమ్యూనిజం విఫలమైందనడం సరికాదు, జయించిందనడమూ సరికాదు. ఆ ప్రయోగం అంతదాకా పోనేలేదు. అది పోయినచోట ఏమైందో తెలియాలంటే రష్యా సంగతి చూడాలి. రష్యా మనకు దూరమనుకోవద్దు. 1890 ప్రాంతంలో నల్గొండకు సువార్త తెచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు ఆ దేశం నుండి వచ్చిన మెన్నొనైట్లు. వారిని పంపినవి అక్కడి రైతు సంఘాలు. యుద్ధంతోనూ, 1917 విప్లవంతోనూ ఆ సహాయం ఆగిపోయింది. విప్లవం మొదట రైతుకు భూమి ఇచ్చింది. 1929 తర్వాత అదే ప్రభుత్వం ఆ భూమిని సమష్టి క్షేత్రాలలో కలిపివేసింది. కాదన్నవారిని దేశాంతరం పంపింది. 1932-33 కరువులో లక్షలాదిమంది పోయారు. మెన్నొనైట్ల గ్రామాలూ, గుళ్ళూ ఆ సుడిలోనే పోయాయి.

అయితే ఉమ్మడి ఆస్తి ఎక్కడా నిలవదా? నిలిచింది. మెన్నొనైట్లకు దాయాదులవంటి హట్టరైట్లు 1528లో మొరేవియాలో ఒకే కొట్టు, ఒకే వంటిల్లు పెట్టుకొన్నారు. మధ్యలో 1819లో విడివిడి కాపురాలకు మళ్ళి, 1859లో తిరిగి ఉమ్మడికి వచ్చారు. 1870లలో రష్యా విడిచి అమెరికా చేరారు. నేటికీ కెనడాలో, అమెరికాలో వందలాది కాలనీలుగా ఉన్నారు. నూటయాభైమంది దగ్గరకు వచ్చేసరికి ఒక కాలనీని రెండు చేస్తారు. అంతకు మించితే ఎవరు పని చేస్తున్నారో, ఎవరు తప్పించుకొంటున్నారో కనబడదు కదా. ఇష్టం లేనివాడు వెళ్ళిపోవచ్చు, కాని వాటా రాదు.

ఇప్పుడు అపొస్తలుల కార్యములకు రండి. యెరూషలేము విశ్వాసులు పొలాలమ్మి అవసరాన్నిబట్టి పంచుకొన్నారు. అందుకే వారు బీదలైపోయారని కొందరు బోధకులు చెబుతుంటారు. ఆ మాట గ్రంథంలో లేదు. 11వ అధ్యాయంలో ఉన్నది కరువు. 5వ అధ్యాయంలో అననీయతో పేతురు అన్నదాని భావమేమి? పొలం నీదే, అమ్మిన తర్వాత సొమ్మూ నీ చేతిలోనిదే అని. అక్కడ శిక్ష అబద్ధానికి గాని ఆస్తి ఉంచుకొన్నందుకు కాదు. మన స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా తీసిపెట్టే పిడికెడు బియ్యం కూడా ఇటువంటిదే. ఆ పిడికెడు ఇంకొకరు వచ్చి తీసుకొంటే అది పన్ను అవుతుంది.

కాని ఇష్టపూర్వకంగా ఇచ్చినంత మాత్రాన సరిపోదు. పంచేవాడు ఎవరు అనే ప్రశ్న మిగిలే ఉంటుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీరు వదిలారు. ఆ నీరు ఏ ఒక్కరిదీ కాదు. అయినా తూము దగ్గరివాని మడి ముందు నిండుతుంది, చివరి ఆయకట్టు రైతు నెర్రెలు బారిన పొలం చూసుకొంటూ నిలబడతాడు. మిర్యాలగూడ, కోదాడ వారికి నేను చెప్పనక్కరలేదు. 1997 చట్టంతో నీటి సంఘాలు పెట్టారు. వాటిలో చివరి భూమివాని మాట చెల్లిన ఊళ్ళు ఎన్నో మీకే తెలుసు. నా దృష్టిలో గ్రామరాజ్యానికైనా, రష్యాకైనా, సంఘానికైనా చిక్కు ఇక్కడే ఉన్నది. మనుషులు స్వార్థపరులు గనుక కుదరదనడం తేలిక. పంచే చేతిని లెక్క అడిగే హక్కు అందని వానికి ఉన్నదా అన్నదే అసలు పరీక్ష. రష్యా రైతుకు ఆ హక్కు లేదు.

యెరూషలేములోనూ పంపకంలో తేడా వచ్చింది. గ్రీకు భాష మాట్లాడే యూదులు తమలోని విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదని సణిగారు. అపొస్తలులు వారి నోరు మూయించలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమని సభకే చెప్పారు. 6వ అధ్యాయంలో ఆ ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అనగా అందనివారి పక్షం వారి చేతికే కొట్టు తాళం ఇచ్చారని నేను గ్రహించాను. మన పాస్టరేట్ కమిటీలలో, భూమి కౌలు, కానుకల లెక్క చూచేవారిలో, కూలికి పోయే విధవరాలు ఎందరున్నారో మూడు ఊళ్ళవారూ లెక్కించి చూడండి.

సమయమైనదని అయ్యగారు సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.