చెట్టు తాగిన నీరు ఎటు పోతుంది?



మిట్టమధ్యాహ్నం నాటిన మిరప నారును చూశారా? సాయంత్రానికల్లా తల వాల్చేస్తుంది. మొదలు దగ్గర నీళ్లు పోసినా కొన్ని మొక్కలు తేరుకోవు. ఎందుకని?

మొక్క వేళ్లతో నీళ్లు తాగుతుంది. కాండంలో సన్నని గొట్టాలు ఉంటాయి. వాటి గుండా నీరు ఆకుల దాకా ఎక్కుతుంది. ఆకులకు కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయి. నీరు ఆవిరిగా మారి ఆ రంధ్రాల నుంచి బయటికి పోతుంది. పైన ఆవిరి పోతున్నకొద్దీ ఆకు కింది నీటిని పైకి లాగుతుంది. తాగిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఇలాగే పోతుంది.

నమ్మకం లేదా? ఎండలో ఉన్న జామ కొమ్మకు ప్లాస్టిక్ సంచి తొడగండి. మూతిని దారంతో గట్టిగా కట్టండి. కొంతసేపటికి సంచి లోపల నీటి చుక్కలు కనబడతాయి. అవి ఆకులు వదిలిన నీళ్లే.

నారు పీకేటప్పుడు సన్నని వేళ్లు తెగుతాయి. మొక్క తాగేది తగ్గుతుంది. ఎండకు ఆకుల నుంచి పోయేది మాత్రం తగ్గదు. రాబడి తగ్గి, ఖర్చు తగ్గని ఇల్లు ఏమవుతుంది? మొక్క గతీ అంతే.

అందుకే నారు పీకే ముందు మడి తడపాలి. వేళ్లకు మట్టి ఉండనివ్వాలి. సాయంత్రం పూట నాటాలి. వెంటనే నీళ్లు పెట్టాలి. రాత్రిపూట ఆకుల నుంచి పోయే నీరు చాలా తక్కువ. తెల్లారేసరికి మొక్క కొంత తేరుకుంటుంది. తర్వాత కొత్త వేళ్లు వేస్తుంది.

నారు బతికితే పెట్టిన డబ్బూ దక్కుతుంది, పడ్డ కష్టమూ దక్కుతుంది.