గడప దాటి వచ్చిన రాజ్యం
(ప్లాటినం జూబిలీ సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాబోవు కాలంలో పరిపాలన ఎంత భయంకరంగా మారగలదో ఊహించి వ్రాసిన నవలలు ఇరవయ్యవ శతాబ్దంలో అనేకం వెలువడినవి. వాటిలోని పాలకులు సైన్యంతోను, పత్రికలతోను తృప్తి చెందక కుటుంబాన్ని కూడ చేజిక్కించుకొంటారు. ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రచురించిన 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో శిశువులు సీసాలలో తయారవుతారు. 'అమ్మ' అనే మాట అక్కడ బూతు. జార్జ్ ఆర్వెల్ 1949లో వెలువరించిన 'నైన్టీన్ ఎయిటీఫోర్'లో తండ్రి నిద్రలో పలికిన మాటను ఏడేండ్ల కూతురు విని పోలీసులకు పట్టిస్తుంది. మార్గరెట్ ఎట్‌వుడ్ 1985లో వ్రాసిన 'ది హాండ్‌మెయిడ్స్ టేల్'లో బిడ్డలను కనగల స్త్రీలను అధికారుల ఇండ్లకు పంచిపెడతారు. వారికి సొంత పేరు కూడ మిగలదు.

కుటుంబమంటే పాలకులకు ఎందుకింత భయం? తల్లి ఒడిలో పుట్టే ప్రేమకు ప్రభుత్వ అనుమతి అక్కరలేదు. ఆజ్ఞకు లొంగని విశ్వాసం ఇంటిలోనే మొలకెత్తుతుంది.

ఇది పరదేశపు ఊహ అని ఫాక్‌లాండ్ రోడ్డు వాసులు తోసిపుచ్చలేరు. నిజాం రాజ్యం నుండి వచ్చిన తెలుగు కూలీలను కామాఠీలన్నారు. కామాఠీపురకు ఆ పేరు వారి వల్లనే వచ్చినది. చాల్‌లోని ఒక్క గదిలో చోటు చాలక ఎందరో ఆలుబిడ్డలను పల్లెలో విడిచి, మనియార్డర్లతో సంసారాన్ని నిలుపుకొన్నారు.

అంత శ్రమతో నిలిచిన సంసారాలున్న రాష్ట్రంలోనే, అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, ముగ్గురు బిడ్డలున్న దంపతులకు నిర్బంధ శస్త్రచికిత్స విధించే బిల్లును మహారాష్ట్ర శాసనమండలాలు ఆమోదించినవి. రాష్ట్రపతి సమ్మతి లభించక అది చట్టం కాలేదు. అయినను దేశమంతట 1976-77లో 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. బలవంతాన జరిగినవి వాటిలో ఎన్నో. పరిమిత కుటుంబం మంచిదే. ఇరుకు గదిలో కాపురం చేసిన తల్లికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే హితవు వేరు, నిర్బంధం వేరు.

ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి సంతానం కన్నవారిని పంచాయతీ ఎన్నికలలో పోటీకి అనర్హులను చేసినది. 2024లో ఆ నిబంధన రద్దయినది. ఎక్కువమందిని కనండనే మాట ఏలికల నోట వినవచ్చినది. నిన్న వద్దన్న బిడ్డే నేడు కావలసి వచ్చినాడు. లెక్క మారినది గాని, లెక్కించే చేయి మారలేదు.

అట్లని ప్రతి చట్టమూ శత్రువు కాదు. తెలంగాణ పల్లెలలో బాలికను జోగినిగా మార్చి, పెండ్లి చేసుకొనే హక్కును ఊరే హరించినది. అట్టి అభాగినులు కొందరు ఈ పేటకే చేరినారు. ఆ దురాచారాన్ని నిషేధించినది 1988 నాటి చట్టమే. ఇల్లూ, ఊరూ కూడ నిరంకుశం కాగలవు.

కనుక విద్యార్థులు ఏ చట్టాన్ని గాని, ఏ ఆచారాన్ని గాని ఒక్క ప్రశ్నతో పరీక్షింపవలెను: ఇది మనిషికి తన బ్రతుకుపై నిర్ణయాన్ని ఇస్తున్నదా, తీసుకొంటున్నదా? 75 ఏండ్లుగా ఈ పాఠశాల చాల్ గదుల బిడ్డలకు అక్షరం నేర్పినది ఆ ప్రశ్న వేయగలగడానికే.

స్వస్తి.