కారులో ఫోను తెర: మేలెంత? కీడెంత?

కారు కొనదలచినవారు పూర్వము ముఖ్యముగా రెండు సంగతులు విచారించెడివారు. లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడచును? చెడిపోయినచో బాగుచేయు మెకానిక్కు దగ్గరలో దొరకునా? నేడు ఈ రెండింటి సరసన మూడవ ప్రశ్న వచ్చి చేరినది. "దీనికి ఫోను కనెక్టవుతుందా?" అని షోరూములో కాలుపెట్టగనే అడుగుచున్నారు. ఫోనులోని దారి పటము, పాటలు, పిలుపులు, సందేశములు కారులో డ్రైవరు ఎదుటనున్న తెరమీదికి ఎక్కుటయే ఈ కనెక్టగుట. ఆ సౌకర్యము లేదన్న కారణమున బాగుగా నడచుచున్న పాత కారును మార్చువారును, వేలకొలది రూపాయలు పోసి కొత్త తెర బిగించుకొనువారును కలరు. కావున ఇది నిజముగా వాడదగిన వస్తువేనా, వాడినచో ఎట్లు వాడవలెను అన్న విచారణ అవసరమగుచున్నది.

ముందుగా ఇది పనిచేయు విధమును తెలిసికొందము. దీనిని "మిర్రరింగ్" అని వ్యవహరించుచున్నారు. అనగా అద్దము పట్టుట. కాని అద్దములో వలె ఫోనులోనిదంతయు కారు తెరపై కనిపించదు. తోలుబొమ్మలాటతో పోల్చి చూచినచో సంగతి సులభముగా బోధపడును. కారులోని తెర ఆటగాండ్రు కట్టిన తెల్లని గుడ్డ వంటిది. బొమ్మలును, దీపమును, బొమ్మలను ఆడించు చేతులును ఫోనులోనే ఉన్నవి. దారిని లెక్కకట్టునది ఫోను. పాటను ఇంటర్నెట్టునుండి తెచ్చునది ఫోను. అది తయారుచేసిన చిత్రమును కారు తెరకు పంపును. మీరు తెరపై వ్రేలు పెట్టినచో, ఎచ్చట తాకితిరో ఆ సమాచారము మరల ఫోనుకు పోవును. ఈ రాకపోకలు యు.ఎస్.బి. కేబులు ద్వారా జరుగును. కేబులు లేని ఏర్పాటులో ఫోనునకును కారునకును పరిచయము కల్పించు పని బ్లూటూత్‌ది, చిత్రమును మోయు పని వైఫైది.

అన్ని బొమ్మలును తెరకెక్కవని చెప్పితిని. ఆపిల్ సంస్థవారి కార్‌ప్లే గాని, గూగుల్ వారి ఆండ్రాయిడ్ ఆటో గాని ప్రయాణమునకు పనికివచ్చు కొన్ని యాప్‌లనే కారు తెరపైకి రానిచ్చును. అక్షరములను, గుర్తులను పెద్దవిగా చూపును. సందేశము వచ్చినప్పుడు దానిని చదివి వినిపించును. కారు కదలుచుండగా సినిమా చూపదు. ఈ హద్దు ఉద్దేశపూర్వకముగా గీచినది. బజారులో చౌకగా దొరకు కొన్ని తెరలకు ఈ హద్దు లేదు. డ్రైవరు ఎదుటనే వీడియోలు ఆడించుచుండును. అట్టి వానిని గూర్చి లాభనష్టముల చర్చయే అక్కరలేదు. అవి వాడరాదు.

ఈ ఏర్పాటు వెనుక చరిత్ర చిన్నదే. 2011లో కార్ల కంపెనీలును ఫోను కంపెనీలును ఒక సంఘముగా చేరి మిర్రర్‌లింక్ అను పద్ధతిని ప్రచారమునకు తెచ్చినవి. 2014లో కార్‌ప్లే, 2015లో ఆండ్రాయిడ్ ఆటో రంగమునకు వచ్చినవి. వీని రాకతో మిర్రర్‌లింక్ క్రమముగా తెరమరుగైనది. మన దేశములో 2015లో విడుదలయిన మారుతి బలెనో వంటి సామాన్య కుటుంబముల కారులోనే, హెచ్చు ధర గల రకములలో, కార్‌ప్లే కనిపించినది. ఒకప్పుడు ధనికుల విలాసమైన తెర నేడు మధ్యతరగతివారి కారులో మామూలు వస్తువైనది.

ఇక దీని వలని మేలు చూతము. కారు పది పదునైదేండ్లు మన్నును. ఫోనును మూడు నాలుగేండ్లకొకసారి మార్చుచుందుము. కారు తయారైననాడు అందులో పొందుపరచిన పటములు, క్రొత్త బైపాసులును, క్రొత్త వంతెనలును పుట్టుచుండగా పాతబడిపోవును. ఫోనులోని పటము తరచుగా సరిదిద్దబడుచుండును. ముందు దారిలో రద్దీ ఉన్నచో తెలుపును. "కుడివైపు తిరగండి" అని తెలుగులోనే చెప్పించుకొనవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఫోను చేతిలోనుండి, ఒడిలోనుండి, గేరు ప్రక్కనుండి తొలగి ఒక మూల కూర్చుండును. తల వంచి ఒడిలోని ఫోనును చూచుటకంటె తల యెత్తి ఎదుటి తెరను చూచుట మేలు కదా!

దీనికి శాస్త్రీయమైన సాక్ష్యమును లేకపోలేదు. 2018లో అమెరికాలోని ట్రిపుల్ ఏ సంస్థకు చెందిన రహదారి భద్రతా ఫౌండేషను తరపున యూటా విశ్వవిద్యాలయమువారు ఒక పరిశోధన చేసిరి. కంపెనీ కారులో అమర్చి ఇచ్చిన సొంత ఏర్పాటుతో పోల్చి చూడగా, కార్‌ప్లేతోను ఆండ్రాయిడ్ ఆటోతోను ఫోను పిలుపు చేయుట సగటున 5 సెకండ్లు ముందుగా ముగిసినది. పోవలసిన చోటును పటమునకు తెలుపుట 15 సెకండ్లు ముందుగా ముగిసినది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు 15 సెకండ్లలో 250 మీటర్లు పోవును. అంత దూరముపాటు డ్రైవరు దృష్టి చెదరకుండుట అల్పమైన లాభము కాదు.

ఇచ్చటితో ఆగినచో తీర్పు సులభమే. కాని 2020లో ఇంగ్లండులో ఐ.ఏ.ఎం. రోడ్‌స్మార్ట్ అను సంస్థకొరకు టి.ఆర్.ఎల్. అను రవాణా పరిశోధనాలయమువారు జరిపిన పరీక్షలు వేరొక కథ చెప్పినవి. కారు నడుపు అనుభూతిని కల్పించు యంత్రములో డ్రైవర్లను కూర్చుండబెట్టి, ఎదుట హఠాత్తుగా కనిపించిన దానికి వారెంత త్వరగా స్పందింతురో కొలిచిరి. కార్‌ప్లేను వ్రేలితో తాకుచు వాడినవారి స్పందన 57 శాతము మందగించినది. ఆండ్రాయిడ్ ఆటోను తాకుచు వాడినవారిది 53 శాతము. నోటిమాటతో ఆజ్ఞాపించినవారిది ఆ వరుసనే 36 శాతము, 30 శాతము. వీనిని ఆ పరిశోధనాలయమువారే పూర్వము వేర్వేరు పరీక్షలలో కనుగొన్న ఫలితముల ప్రక్క పెట్టినప్పుడు ఒళ్ళు జలదరించును. చట్టము అనుమతించిన హద్దువరకు మద్యము సేవించినవారి స్పందన మందగించినది 12 శాతము. ఫోను చేతబట్టి మాటలాడువారిది 46 శాతము.

ఒక పరిశోధన మేలనినది, వేరొకటి కీడనినది. ఇందులో ఏది నమ్మవలెను? రెండును నమ్మవలసినవే. రెండింటికిని మధ్య వైరుధ్యము లేదు. మొదటి పరిశోధన ఒక తెరను మరియొక తెరతో పోల్చినది. రెండవ పరిశోధన తెరను వాడుచు నడుపువానిని ఏ తెరనూ ముట్టక దారిని చూచుచు నడుపువానితో పోల్చినది. ఫోను తెర కంపెనీవారి చిక్కుముడి తెరకంటె మేలు. రోడ్డునుండి చూపు మరలించని డ్రైవరుకంటె మేలైనది ఏ తెరయు లేదు. ఈ ఒక్క భేదమును గుర్తుంచుకొన్నచో ఈ విషయమున సగము తగవు తీరిపోవును.

చూపు మరలుటకు హద్దెంత? అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా శాఖ 2013లో కార్ల తయారీదార్లకు కొన్ని మార్గదర్శక సూత్రములు ఇచ్చినది. తెరమీది ఏ పనికైనను ఒక్కొక్క చూపు 2 సెకండ్లను మించరాదు. పని మొత్తమునకు 12 సెకండ్లను మించరాదు. ఇంగ్లండు పరీక్షలో కొందరు డ్రైవర్లు 16 సెకండ్లవరకు దారినుండి దృష్టి మరలించిరి. మన రోడ్ల సంగతి తలచికొనుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున 2 సెకండ్లనగా 33 మీటర్లు. ఆ 33 మీటర్లలో విజయవాడ-హైదరాబాదు రహదారిపైనను పల్లెవైపునుండి గేదెల మంద అడ్డము రావచ్చును. ఎదురు దిక్కున ఆటో రావచ్చును. వెనుక దీపము లేని ట్రాక్టరు చీకటిలో నిలిచియుండవచ్చును. 2022లో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పుచున్నది. ఇట్టి రోడ్లపై 2 సెకండ్ల చూపును కూడ పొదుపుగా ఖర్చుపెట్టుకొనవలెను.

చేతితో ముట్టక నోటితో చెప్పినచో చిక్కు తీరునని కొందరి అభిప్రాయము. కొంతవరకు నిజమే, పై అంకెలే అందుకు సాక్ష్యము. కాని కన్ను దారిపైనున్నను మనస్సు మరియొకచోట ఉండవచ్చును. మాటతో ఆజ్ఞ యిచ్చి ముగించిన పిమ్మట కూడ, కొన్ని ఏర్పాటులలో, డ్రైవరు మనస్సు పూర్తిగా దారిపైకి మరలుటకు 27 సెకండ్లవరకు పట్టునని యూటా విశ్వవిద్యాలయమువారే 2015లో కనుగొనిరి. పట్టణపు వీధిలో 40 కిలోమీటర్ల వేగమున పోవువాడు ఆ కాలములో 300 మీటర్లు పోవును. అందులో రెండు కూడళ్ళును ఒక పాఠశాలయు ఉండవచ్చును. పైగా మన ఊళ్ళ పేర్లు యంత్రమునకు ఒక్కసారితో బోధపడనప్పుడు డ్రైవరునకు విసుగు పుట్టును. విసుగు వేగమునకు తోబుట్టువు.

రేడియో మాత్రము కారులో లేదా అని శ్రోతలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. 1930 ప్రాంతమున అమెరికాలో కారు రేడియోలు అమ్మకమునకు వచ్చినప్పుడు, అవి డ్రైవర్ల దృష్టిని చెదరగొట్టునని, నిషేధించవలెనని కొన్ని రాష్ట్రములలో ప్రతిపాదనలు చెలరేగినవి. ఆ భయము కాలక్రమమున సద్దుమణగినది. రేడియో చెవిని మాత్రమే అడుగును, బదులు చెప్పుమనదు. అయినను నడుపుచు స్టేషనుకొరకు తడవులాడుట దానితోను ప్రమాదమే. తెర చెవిని, కంటిని, వ్రేలిని, కొన్నిసార్లు ఆలోచనను కూడ అడుగును. ఎక్కువ అడుగువానికి ఎక్కువ కట్టుదిట్టము ఉండవలెను.

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము, నడుపుచు చేతిలో ఫోను వాడుటను అపాయకరమైన డ్రైవింగుగా పరిగణించుచున్నది. మొదటి తప్పుకు 1,000 నుండి 5,000 రూపాయలవరకు జరిమానా గాని, ఆరు నెలలనుండి సంవత్సరమువరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. 2020 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ, దారి తెలిసికొనుటకు మాత్రము, అదియును డ్రైవరు ఏకాగ్రతకు భంగము కలుగని రీతిగా, చేతి ఫోనును వాడవచ్చునని సడలింపు ఇచ్చినది. కారులో బిగించిన తెర చేతి ఫోను కాదు గనుక దానిపై ఎంతసేపైన వ్రేళ్ళాడించవచ్చునని వాదించువారు చట్టములోని అక్షరమును పట్టుకొని దాని ఆత్మను విడుచుచున్నారు. ఐరోపాలో కార్లకు భద్రతా నక్షత్రములనిచ్చు యూరో ఎన్‌క్యాప్ సంస్థ, హారను, వైపరు, తిరుగు సూచిక మొదలైన ముఖ్యమైన పనులకు తెరపై బొమ్మలు గాక చేతికి తగులు మీటలు ఉండవలెనని 2026 నుండి పట్టుపట్టుచున్నది. తెరమీద మోజు తగ్గి, చూడకయే తడిమి తెలిసికొను మీట విలువ మరల తెలియవచ్చుచున్నది.

మరియొక హెచ్చరిక. పెద్ద తెరపై మెరయుచున్నంతమాత్రమున పటము పరమసత్యము కాదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ సమీపమున, దారిపటము చూపిన త్రోవను పోయినదని చెప్పబడిన కారు, ఒక కొస వరదకు కొట్టుకొనిపోయిన వంతెనపైనుండి రామగంగా నదిలో పడి ముగ్గురు మరణించిరి. అచ్చట దారి మూసివేయు అడ్డులేమియు లేవని కూడ వార్తలు వచ్చినవి. తప్పు పటముదైనను, అడ్డు కట్టనివారిదైనను, ప్రాణము పోయినది నమ్మినవారిది. తెలియని త్రోవలో, రాత్రివేళ, ఊరివారినడిగి పోవు పాత ఆచారము ఇంకను మూలబడరాదు.

ఇన్ని చెప్పిన పిమ్మట తీర్పు ఏమి? ఫోను తెర వాడదగినదే. కాని దానితో పని చక్రము తిరుగకముందే ముగియవలెను. పోవలసిన చోటు, వినవలసిన పాటల వరుస ఇంటిముందే నిర్ణయించుకొనుడు. సందేశముల రాకను తెలుపు గంటలను ఆపివేయుడు. దారి మార్చవలసివచ్చినచో ప్రక్కసీటులోని వారికి అప్పగించుడు. ఒంటరిగానున్నచో సురక్షితమైన చోట కారును ప్రక్కకు ఆపి సరిచూచుకొనుడు. మన వేసవిలో, కేబులు లేని ఏర్పాటుతో, చార్జి అగుచు, ఎండ సోకు చోటనున్న ఫోను వేడెక్కి మధ్యలో చేతులెత్తివేయవచ్చును. అట్టివేళ కేబులే నమ్మకమైన నేస్తము. అద్దె కారునకు గాని పరుల కారునకు గాని ఫోనును కలిపినచో, దిగునప్పుడు అందులో మిగిలిన మీ పేరును, ఫోను నంబర్ల జాబితాను తుడిచివేయుడు.

ఈ తెర లేని కారు గలవారు లోటుపడనక్కరలేదు. దీనికొరకే కారు మార్చుట అనవసరము. ఫోను నిలుపు స్టాండు ఒకటి, దారిని నోటితో చెప్పు పటము ఒకటి ఉన్నచో ముఖ్యమైన పని నెరవేరును. తెర యున్నవారికి గాని లేనివారికి గాని కొలబద్ద ఒక్కటే. ఏ వస్తువు మన చూపును దారిపై నిలువనిచ్చునో అది సౌకర్యము. ఏది దారినుండి లాగివేయునో, ఎంత వెల పెట్టి కొన్నను, అది అపకారియే. తోలుబొమ్మలాట చూడవలసినవాడు ప్రేక్షకుడు. కారు నడుపువాడు ప్రేక్షకుడు కాడు. ఆ బండిలోని ప్రాణములకును, దారిన పోవువారి ప్రాణములకును పూచీదారు.